అనుమతి కాగితం లేనిదే కీబోర్డు ముట్టొద్దు

2017 మే 12, శుక్రవారం. బ్రిటన్‌లో ఆసుపత్రుల కంప్యూటర్లు మొరాయించాయని, ఆపరేషన్లు వాయిదా పడ్డాయని రాత్రి టీవీలో చూసి, ఎక్కడిదో గొడవ మనకెందుకులే అనుకున్నాం. తెల్లారేసరికి అది మన పోలీసుల గుమ్మంలో ఉంది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు వనక్రై అనే దొంగ ప్రోగ్రాం బారిన పడ్డాయని, వందకు పైగా యంత్రాలు స్తంభించాయని వార్తలొచ్చాయి. తిరుమలలో దేవస్థానం కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. తెర మీద ఎర్రటి పెట్టె, అందులో వెనక్కి నడిచే గడియారం, 300 డాలర్ల బిట్‌కాయిన్ కడితేగానీ ఫైళ్లు తెరుచుకోవన్న బెదిరింపు. ఊరి ఫిర్యాదులు రాసుకునే స్టేషనే తన ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో తెలియక కూర్చుంది.

దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చిన కోడ్ పేరు ఇటర్నల్‌బ్లూ. తయారుచేసింది వీధి దొంగలు కాదు, అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ. విండోస్‌లో ఒక కంప్యూటరు మరో కంప్యూటరుతో ఫైళ్లు పంచుకునే ఏర్పాటులో లొసుగు కనిపెట్టి, అందులోంచి లోపలికి దూరే పనిముట్టు చేసి, మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా దగ్గర పెట్టుకుంది. 2017 ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా దాన్ని బజారున పడేసింది. అప్పటికి నెల రోజుల ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసింది. వేసుకోనివాళ్లు మే నెలలో దెబ్బతిన్నారు. ఆ కోడ్ రాసినవాడు గుంటూరు అనే ఊరుందని విని కూడా ఉండడు. రాసినవాడి చెప్పుచేతల్లో ఉండే సరుకు కాదిది.

ఇప్పుడు ఆ సరుకు తయారుచేసే విద్య మన పిల్లల హాస్టల్ గదుల్లోకి వచ్చింది. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల, ఒంగోలు, మార్కాపురం వైపు నుంచి ఇంజినీరింగుకు పోయిన పిల్లల్లో సైబర్ సెక్యూరిటీ పేరు తలవనివాళ్లు తక్కువ. “మావాడు కంప్యూటర్ల కాపలా కోర్సేదో చదువుతున్నాడండీ” అని పొలం గట్టు మీద తండ్రి గర్వంగా చెబుతాడు. గర్వపడాల్సిన సంగతే. ఆ ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసిందే. ధర పడిపోయి, 2025 ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చిన మిర్చి అమ్మకం నుంచి. లేదంటే పత్తి నుంచి. అందుకే ఈ హెచ్చరిక. విద్య మానుకోమని కాదు. ఎవరి యంత్రం మీద చెయ్యి వేస్తున్నారో చూసుకోమని, ఈ సెమిస్టరు ల్యాబులు మొదలయ్యేలోపే చూసుకోమని.

ఈ చదువులో ఏం చేయిస్తారో తల్లిదండ్రులకు కాస్త దగ్గరగా చూపించాలి. సీ భాషలో చిన్న ప్రోగ్రాం ఉంటుంది. “నీ పేరేమిటి” అని అడుగుతుంది. పేరు దాచుకోవడానికి జ్ఞాపకంలో 64 అక్షరాల జాగా కేటాయించి, ఎన్ని అక్షరాలు వచ్చాయో లెక్క చూసుకోవడం మాత్రం మరిచిపోయింది. పిల్లవాడు పేరు బదులు ఏ అనే ఇంగ్లిషు అక్షరాన్ని వంద సార్లు కొడతాడు. మొదటి 64 జాగాలో సర్దుకుంటాయి. మిగతావి పొంగి పక్కనున్న అరల్లో పడతాయి. ఆ అరల్లో ఒకదాంట్లో, ఈ పని ముగిశాక ప్రోగ్రాం తిరిగి ఎక్కడికి పోవాలో చెప్పే చిరునామా ఉంటుంది. ఇప్పుడు దాని మీద ‘ఏ’లు పడ్డాయి. ప్రోగ్రాం కుప్పకూలుతుంది. డీబగ్గర్‌లో తెరిచి చూస్తే చిరునామా ఉండాల్సిన చోట 41414141 అని కనిపిస్తుంది. కంప్యూటరు లెక్కలో 41 అంటే ‘ఏ’. అంటే ఆ యంత్రం తర్వాతి అడుగు ఎటు వేయాలో పిల్లవాడి చేతిలోకి వచ్చింది. చెత్త అక్షరాలకు బదులు తాను కోరుకున్న చిరునామా పెడితే, అది అటే నడుస్తుంది.

ఆ అంకెలు మొదటిసారి కనపడ్డ రాత్రి ఎవడికీ నిద్రపట్టదు. పుస్తకంలో ఇరవైసార్లు చదివినా రానిది ఒక్కసారి చేత్తో చేస్తే వస్తుంది. ఇలా చేతులతో నేర్పే శిక్షణే సరైన శిక్షణ, అందులో రెండో మాట లేదు. దాడి ఎలా జరుగుతుందో తెలియనివాడు కాపలా కాయలేడు. ఆ పొంగును పసిగట్టడానికి కంపైలర్లు పెట్టే కాపలా విలువలు, జ్ఞాపకంలో చిరునామాలను ప్రతిసారీ అటూ ఇటూ మార్చే పద్ధతి, డేటా ఉండే చోట కోడ్ నడవకుండా ఆపే కట్టడి, ఇవన్నీ ఈ దాడులు చూసినవాళ్లు కట్టినవే. వాటిని దాటడం ఎలాగో నేర్చుకున్నవాళ్లే రేపు వాటిని గట్టిపరుస్తారు.

చిక్కు ఎక్కడంటే, 64 అక్షరాల బొమ్మ ప్రోగ్రాం మూడు రోజుల్లో చప్పబడుతుంది. నిజమైనదాని మీద చూద్దామనిపిస్తుంది. చేతికి అందే నిజమైనవి ఏమున్నాయి? కాలేజీ మార్కుల పోర్టల్. హాస్టల్ వైఫై. ఊళ్లో సహకార సంఘం కంప్యూటరు. కోల్డ్ స్టోరేజీవాడి స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్. మండలంలో ఏదో ఆఫీసు వెబ్‌సైటు. “ఊరికే చూస్తాను, ఏమీ చెరపను” అని మొదలవుతుంది.

ఆ మాట చట్టానికి వినపడదు. సమాచార సాంకేతిక చట్టం 2000లో 43వ సెక్షన్ అడిగే ప్రశ్న ఒక్కటే: యజమాని అనుమతి ఉందా? లేకుండా లోపలికి పోయినా, సమాచారం దించుకున్నా, పనికి అంతరాయం కలిగించినా నష్టపరిహారం కట్టాలి. దానికి చెడు ఉద్దేశం రుజువు కానక్కరలేదు. 5 కోట్ల రూపాయల దాకా క్లెయిములు వినే అధికారం రాష్ట్ర ఐటీ కార్యదర్శికి ఉంది. అదే పని మోసపూరితంగానో, దురుద్దేశంతోనో చేశారని తేలితే 66వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వేరేవాళ్ల పాస్‌వర్డ్ వాడితే 66సీ. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించినదాని జోలికి పోతే 70వ సెక్షన్, పదేళ్ల దాకా. అక్కడ లోపలికి పోవాలని ప్రయత్నించడం కూడా నేరమే, పోగలిగావా లేదా అన్నది తర్వాతి మాట. మూడేళ్ల శిక్ష కేసుకు బెయిలు వస్తుంది కదా అని సీనియర్లు ధైర్యం చెబుతుంటారు. బెయిలు వస్తుంది. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులు ముందు, ఉద్యోగమిచ్చే కంపెనీ చేయించే పూర్వాపరాల తనిఖీలో మాత్రం ఆ ఎఫ్‌ఐఆర్ కూడా వస్తుంది. సెక్యూరిటీ ఉద్యోగానికి ముందుగా చూసేది అదే.

కథలు చెప్పి భయపెడుతున్నామనుకోకండి. పక్క రాష్ట్రంలో 2024 జూన్‌లో జరిగింది చూడండి. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం ఇంటర్నెట్ చోరబజారులో అమ్మకానికి కనిపించింది. ఆడపిల్లలు ప్రయాణాల్లో రక్షణ కోసం, జనం ఫిర్యాదుల కోసం వాడుకునే యాప్ అది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వెతుక్కుంటూ పోయి గ్రేటర్ నోయిడాలో పట్టుకున్నది 20 ఏళ్ల కుర్రవాణ్ని, ఇంకా చదువుకుంటున్నవాణ్ని. అతను అడిగిన ధరగా బయటికొచ్చిన మొత్తం 150 డాలర్లు. మన లెక్కలో 13 వేలకు అటూ ఇటూ. అభియోగం కోర్టులో తేలాల్సిందే. కానీ ఇరవై ఏళ్ల వయసుకు, పదమూడు వేల రూపాయలకు, అంత పెద్ద చిక్కు.

వనక్రైనే తీసుకుందాం. దాన్ని ఆపింది మార్కస్ హచిన్స్ అనే ఆంగ్ల యువకుడు. అప్పటికి అతని వయసు 22. చాలామటుకు సొంతంగా నేర్చుకున్నవాడు. ఆ కోడ్‌ను విప్పి చూస్తే, అది ఎవరూ నమోదు చేయని ఒక వింత వెబ్ చిరునామాను పలకరిస్తున్నట్టు కనబడింది. పది డాలర్ల చిల్లరతో ఆ చిరునామా కొన్నాడు. దాడి చల్లబడింది. లోకమంతా నెత్తిన పెట్టుకుంది. మూడు నెలలు తిరగకుండా, 2017 ఆగస్టులో, లాస్ వేగాస్ నుంచి ఇంటికి బయల్దేరుతుంటే అమెరికా పోలీసులు అరెస్టు చేశారు. పిల్లతనంలో మొదలుపెట్టి రాసిన క్రోనోస్ అనే బ్యాంకు దొంగ సాఫ్ట్‌వేర్ తాలూకు కేసు. నేరం ఒప్పుకున్నాడు. 2019 జులైలో జడ్జి దయతలచి, అప్పటిదాకా నిర్బంధంలో గడిపింది చాలన్నాడు, ఏడాది పర్యవేక్షణతో వదిలేశాడు. దాదాపు రెండేళ్లు పరాయి దేశంలో చిక్కుకుపోయి, ఇంటికి పోలేక గడిపాడతను. ప్రపంచాన్ని కాపాడినవాడికే పాత తప్పు మాఫీ కాలేదంటే, మన ఊరి పిల్లవాడి కోసం పెద్ద న్యాయవాదులెవరూ దిగిరారు.

ఇక మన ప్రాంతం సంగతి. ఇక్కడ కంప్యూటరు పడిపోతే పోయేది ఆఫీసు పని ఒక్కటే కాదు. మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డు దగ్గర, చుట్టుగుంట సెంటర్లో నిలబడి చూడండి. తేజ, 334, బాడిగ రకాల మిర్చి టిక్కీలతో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. యార్డు గేటు దగ్గర నమోదు, ఈ-నామ్ లెక్కలో లాటు నంబరు, ధర, తర్వాత కాటా, తర్వాత డబ్బు. ఎక్కడో ఒకచోట సిస్టం ఆగితే వెనక బండి కదలదు. ఆరిన కాయ ఒక రాత్రి మంచులో ఉంటే తూకం, రంగు రెండూ మారతాయి. పక్కన పడుకున్న రైతుకు రేపటి ధర ఎంతో తెలియదు. పత్తికైతే 2025-26 సీజన్ నుంచి సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాటు పట్టుకోవాలి. ఆ సీజన్లో పొడవు పింజకు 8,110 రూపాయల మద్దతు ధర ఉన్నా, స్లాటు దొరకనివాడు బయటి వ్యాపారి చెప్పిన రేటుకే తల ఊపాల్సి వచ్చింది. ప్రాథమిక సహకార సంఘాలను కంప్యూటర్లకెక్కించడానికి కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది, దేశమంతటా 63 వేల సంఘాలకు. అప్పు, ఎరువు, వాయిదా అన్నీ ఆ తెర మీదికి చేరుతున్నాయి. “ఊరికే చూస్తాను” అని నడిపించిన స్కానర్ బలహీనమైన పాత సర్వరును మధ్యాహ్నం పన్నెండింటికి కూల్చేస్తే, ఆ రోజు తూకం కాని టిక్కీ బహుశా మీ బాబాయిదే కావచ్చు.

రెండో ప్రమాదం ఇంట్లోకే వస్తుంది. దీని గురించి కోచింగుల్లో ఎవరూ నోరు విప్పరు. హ్యాకింగ్ నేర్చుకునేవాళ్లను వేటాడే హ్యాకర్లున్నారు. బెంగళూరు కంపెనీ క్లౌడ్‌సెక్ 2025 జనవరిలో బయటపెట్టిన సంగతి వినండి. ఎక్స్‌వార్మ్ అనే, ఇతరుల కంప్యూటర్లను దూరం నుంచి నడిపే దొంగ పనిముట్టును తయారుచేసుకునే ఉచిత కిట్ ఒకటి టెలిగ్రామ్, గిట్‌హబ్ లాంటిచోట్ల తిరిగింది. కొత్తగా హ్యాకింగ్ మొదలుపెట్టినవాళ్లు సంబరంగా దించుకున్నారు. ఆ కిట్ లోపలే మరో దొంగ ఉన్నాడు. 18,459 యంత్రాలు వాడి చేతికి పోయాయి. ఎక్కువగా దెబ్బతిన్న దేశాల్లో మనదీ ఒకటి. ఇతరుల ఇంట్లో దూరడానికి తెచ్చుకున్న పరికరం ముందు వాళ్ల ఇంటినే దోచింది. అయ్యో అనడానికి కూడా మనసొప్పదు కొన్నిసార్లు, కానీ ఆ లాప్‌టాప్‌లో ఎవరి సొమ్ముందో ఆలోచిస్తే అనక తప్పదు.

అంతకుముందు 2022లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గిట్‌హబ్‌లో బయటపెట్టిన ఎక్స్‌ప్లాయిట్ నమూనాలను, అంటే లొసుగులోంచి లోపలికి దూరే కోడ్‌ను, జల్లెడపట్టారు. 47,313 కోడ్ సంచుల్లో 4,893 దురుద్దేశంతో పెట్టినవని తేల్చారు. పదింటికొకటి. 2021 జనవరిలో గూగుల్ ఇంకో సంగతి చెప్పింది. ఉత్తర కొరియా ముఠా ఒకటి సెక్యూరిటీ పరిశోధకులమని నటిస్తూ స్నేహం చేసి, “కలిసి పని చేద్దాం” అంటూ విజువల్ స్టూడియో ప్రాజెక్టు పంపి, అందులో విషం దాచింది. అప్పటికే పండిపోయినవాళ్లు కూడా మోసపోయారు. మన రెండో సంవత్సరం కుర్రాడెంత!

రైతు ఇంట్లో లాప్‌టాప్ ఒకటే ఉంటుంది. పిల్లవాడి ల్యాబూ అదే, నాన్న పంట రుణం వాయిదా చూసేదీ అదే, అమ్మ పొదుపు సంఘం లెక్కలూ అదే, అక్క పెళ్లికి దాచిన డబ్బు తాలూకు నెట్ బ్యాంకింగూ అదే. బ్రౌజర్‌లో పాస్‌వర్డులన్నీ దాచిపెట్టి, ఊరూపేరూ లేని ఎక్స్‌ప్లాయిట్‌ను అదే యంత్రం మీద నడపడం ఇవాళే మానాలి. సాధన అంతా విడిగా, వర్చువల్ మెషీన్‌లో, నెట్ కనెక్షన్ తీసేసి చేయాలి. తెలియని కోడ్ ప్రతి వరసా చదివి అర్థమయ్యాకే నడపాలి. అర్థం కాలేదా, నడపొద్దు. వీలుంటే పాత లాప్‌టాప్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుని దాని మీదే నేర్చుకోవడం అన్నిటికన్నా క్షేమం. ఆరు నెలల కోర్సు ఫీజులో అది ఎన్నో వంతు?

కోర్సులంటే గుర్తొచ్చింది. “ఆరు వారాల్లో హ్యాకర్, నూరు శాతం ఉద్యోగం” అనే ఫ్లెక్సీలకు ఫీజు కట్టేముందు ఒక్క పూట ఆగండి. నకిలీ పత్తి విత్తనంతో ఈ జిల్లాలు ఎంత ఏడ్చాయో ఎవరూ చెప్పనక్కరలేదు. ప్యాకెట్ మీద బొమ్మ బాగుంటుంది, బిల్లు ఇవ్వరు, కాయ కాసే వేళకు దుకాణం మూసి ఉంటుంది. ఇక్కడా అదే వరస. కౌంటరు దగ్గర కూర్చున్నవాణ్ని తండ్రి అడగాల్సింది ఇది: “బాబూ, మా పిల్లవాడు పరీక్ష చేసేది మీ సొంత ల్యాబు యంత్రాల మీదా, బయటివాళ్ల వాటి మీదా? రాసిస్తారా?” బయట వెబ్‌సైట్ల మీద ‘లైవ్’గా చేయిస్తామని గొప్పగా చెబితే, లేచి వచ్చేయండి. మంచి శిక్షణకు ఇంకో గుర్తు, దాడితోపాటు రిపోర్టు రాయడం నేర్పుతారు. ప్రపంచంలో పేరున్న ఓఎస్‌సీపీ పరీక్షనే తీసుకోండి. 24 గంటలకు కాస్త తక్కువ సమయంలో యంత్రాలను ఛేదించాలి, ఆ తర్వాత ఇంకో 24 గంటల్లో ఏం చేశావో మెట్టు మెట్టుగా రాసివ్వాలి. రిపోర్టు సరిగా లేకపోతే ఛేదించినా తప్పినట్టే. ఏ కంపెనీ అయినా జీతమిచ్చేది ఆ కాగితానికే.

ఉద్యోగం ఇప్పిస్తామని విదేశం పేరెత్తితే మరీ జాగ్రత్త. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు మరచిపోకండి. డేటా ఎంట్రీ పని అని నమ్మి లక్షలు కట్టి కంబోడియా పోయిన మన కుర్రాళ్లను సైబర్ మోసాల అడ్డాల్లో కూలీలుగా కూర్చోబెట్టారు. పాస్‌పోర్టులు లాక్కున్నారు. సిహనూక్‌విల్‌లో వందలమంది భారతీయులు తిరగబడ్డారు. కంప్యూటరు మీద చెయ్యి తిరిగినవాడి మీద ఆ ముఠాల కన్ను ఇంకా ఎక్కువ పడుతుంది.

పిల్లలకే నీతులు చెప్పి ఊరుకుంటే ఈ సంపాదకీయం సగమే రాసినట్టు. పెద్దల తప్పు పెద్దదే. హైదరాబాద్‌లో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా ఊడ్చుకుపోయారు. గొప్ప ఎక్స్‌ప్లాయిట్ ఏమీ కాదు. సిబ్బందికి దొంగ ఈమెయిళ్లు వచ్చాయి, తెరిచారు, దొంగ సాఫ్ట్‌వేర్ లోపల కూర్చుంది. నిబంధనలు పాటించలేదని 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. మన రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలకు నకిలీ ముద్రలు తయారుచేసి, ఆధార్ ద్వారా డబ్బు తీసుకునే పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేసిన ముఠాను సైబరాబాద్ పోలీసులు 2022లో పట్టుకున్నారు. పొలం అమ్మినా కొన్నా వేలిముద్ర వేసే రైతుకు ఆ సంగతి చెప్పే నాథుడే లేకపోయాడు. ఇలాంటి లొసుగును ముందే ఒక విద్యార్థి చూసి ఉంటే? ఎవరికి చెప్పుకుంటాడు? మన ఆఫీసు వెబ్‌సైట్లలో ‘లోపం కనబడితే ఇక్కడ చెప్పండి’ అన్న పేజీ వెతికి చూడండి. చెప్పినవాణ్ని “నువ్వెందుకు చూశావురా” అని గదిమే అధికారులే ఎక్కువ.

అమెరికా న్యాయశాఖ 2022 మేలో, సదుద్దేశంతో చేసే భద్రతా పరిశోధన మీద కేసులు పెట్టబోమని తన విధానంలో రాసుకుంది. మన చట్టంలో అలాంటి రక్షణ లేదు. అది ఉండాలి, దాని కోసం గట్టిగా అడగాలి. వచ్చేదాకా మాత్రం ఉన్న చట్టం కిందే మన పిల్లలు నడవాలి. ఆధార్ సంస్థ 2022లో లోపాలు వెతికే కార్యక్రమానికి 20 మందిని ఎంపిక చేసుకుంటామని ప్రకటించింది, నిబంధనలు రాసి, ఒప్పందంతో. అడిగి పిలిచినప్పుడు పోవడం వేరు, గోడ దూకడం వేరు.

రాష్ట్ర ప్రభుత్వం, మార్కెటింగ్ శాఖ, సహకార బ్యాంకులు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. అసలు సర్వరుకు నకలు ఒకటి, నిజమైన రైతు వివరాలు లేకుండా, పరీక్షల కోసం విడిగా పెట్టండి. జిల్లాలో ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలను పిలిచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ చిరునామా మీద, ఏమేం చేయొచ్చో, ఏం చేయకూడదో రాసి సంతకం చేసి ఇవ్వండి. ప్రతి ఏడూ యార్డుకు వేసవి సెలవులిస్తారు కదా, ఆ రోజుల్లో పెట్టుకోండి. కాలేజీలు తమ పోర్టల్‌కైనా ఈ ఏర్పాటు చేసుకోవచ్చు. ఒక్క కాగితం, ప్రిన్సిపాల్ సంతకం, విద్యార్థి సంతకం. దొరికిన లోపాన్ని చెప్పినవాడికి ఒక సర్టిఫికెట్. ఇంతే.

సాధనకు చోటు లేదన్న మాట ఇప్పుడు చెల్లదు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం నడిపే పీడబ్ల్యూఎన్ కాలేజ్‌లో పైన చెప్పిన పొంగు దగ్గర్నుంచి ఆపరేటింగ్ సిస్టం లోతుల దాకా పైసా లేకుండా నేర్చుకోవచ్చు. ఇంటర్ పిల్లలకైతే కార్నెగీ మెలన్ వాళ్ల పికోసీటీఎఫ్ ఉంది. మన దేశంలో అమృత విశ్వవిద్యాపీఠం బయోస్ జట్టు నడిపే ఇన్‌సీటీఎఫ్ పోటీ ఉంది. ఛేదించమనే పెట్టిన యంత్రాలవి, ఎంత బద్దలుకొట్టినా అడిగేవాడు ఉండడు. విసుగు పుట్టేంత కష్టంగా ఉంటాయి కూడా. అవన్నీ దాటాక ఊరి సొసైటీ కంప్యూటరు మీద మోజు దానంతటదే పోతుంది.

పొరపాటున ఏదైనా సైటులో లోపం కంట పడితే అక్కడే ఆగండి. ఇంకో అడుగు లోపలికి వేయొద్దు. రుజువు కోసమని ఎవరి వివరాలూ దించుకోవద్దు. స్నేహితుల గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టొద్దు. “డబ్బిస్తే చెబుతాను” అని యజమానికి ఒక్క మెసేజ్ పంపినా అది బెదిరింపు కేసు కావచ్చు. ఏ పేజీలో, ఏ రోజు, ఏ గంటకు, ఏం కనిపించిందో రాసి కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు పంపండి. లోపాలు స్వీకరించడానికి దానికి విధానమే ఉంది. కాలేజీ మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయనకు కూడా ఒక నకలు పంపితే మరీ మంచిది.

ఇప్పటికే చెయ్యకూడనిది చేసేసిన పిల్లలు ఈ మాట చదువుతూ ఉండొచ్చు. దించుకున్న డేటాను ఎవరికీ అమ్మకండి, ఇవ్వకండి, టెలిగ్రామ్‌లో గొప్పలు పోకండి. భయపడి లాప్‌టాప్ ఫార్మాట్ కొట్టకండి, అది సాక్ష్యం చెరిపిన ఇంకో నేరంగా మెడకు చుట్టుకుంటుంది. ముందు ఇంట్లో చెప్పండి. నాన్న తిడతాడు, తిట్టనీయండి. అమ్మా నాన్నా, మీరు కూడా తిట్టడం అయ్యాక లాప్‌టాప్ పగలగొట్టొద్దు, వాణ్ని వెంటబెట్టుకుని మంచి లాయరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఎవరి ఖాతా నుంచైనా డబ్బు పోయినట్టు కనబడితే లాయరు కన్నా ముందు, అదే నిమిషంలో, 1930కి ఫోన్ చేయండి.